నక్క తిన్న విషం

ఊరి చివర కొండ మొదట్లో కనకరత్నంగారి కూరగాయల తోట ఉంది చూడండి, ఆ తోట దడిలో ఓ కొత్త పొద మొలిచింది. ఏ పిట్ట ఎక్కడి గింజ తెచ్చి పడేసిందో మరి. ముళ్ళంటే మామూలు ముళ్ళు కాదు, దబ్బనాలే. అందుకని ఎవరూ దాని జోలికి పోలేదు. తీరా తొలకరి పడ్డాక చూస్తే కొమ్మ కొమ్మకీ గుత్తులు గుత్తులుగా కాయలు. పచ్చగా, బుగ్గ మీద కాస్త ఎరుపు పూసుకుని ముద్దొస్తున్నాయి.

ఇదేం కాయ అన్నదాని మీద ఎద్దు మావయ్యకీ కోడిపెట్టకీ పెద్ద వాదన. రేగు అన్నాడు మావయ్య. రేగుకి ఇంత మందపాకు ఎక్కడుంటుంది, నేరేడే అయ్యుంటుంది అంది కోడి. నేరేడుకి ముళ్ళుంటాయిటే అని మావయ్య ఒకటే నవ్వు. అలా నవ్వితే ఏ కోడికి మాత్రం మండదు చెప్పండి.

అయితే ఆ తోటలో ఓ పద్ధతుంది. కొత్త ఆకైనా కాయైనా ముందు మేకత్త రుచి చూడాలి. ఆవిడ మింగిందా, అందరూ తినొచ్చు. ఉమ్మిందా, ఎవరూ ముట్టుకోకూడదు. నిజానికి ఆవిడ ఇంతవరకూ ఉమ్మింది ఏదీ లేదు. గోడకి అంటించిన సినిమా బొమ్మ కూడా జిగురుతో సహా తినేసిన మనిషి.

అలాంటి మేకత్త ఆ పచ్చికాయ ఒకటి కొరికింది. తెల్లటి పాలు కారాయి. మొహం అంతా వంకర్లు తిప్పి, తూ అని ఉమ్మేసింది.

అందరూ గతుక్కుమన్నారు. సరిగ్గా అప్పుడే దడి అవతల నుంచి నక్క నిట్టూర్చాడు. కోడిపిల్లలుంటాయి కదా, వాణ్ణి లోపలికి రానిచ్చేవారు కాదు. మాటలన్నీ అవతల నుంచే.

"విషం అత్తా అది. పాలు కారుతుంటే తెలియట్లా? జిల్లేడుకి పెద్దక్క. మా కొండ మీద దాన్ని తిన్నవాళ్ళు మళ్ళీ లేవలేదు."

అసలు సంగతేంటంటే, దడికి అవతలి వైపు ఎండ బాగా పడుతుంది. అటు కాయలు నిగనిగలాడుతూ నల్లగా పండిపోయాయి. నక్క రోజూ అక్కడే కూర్చుని కడుపు నింపుకుంటున్నాడు. ఇవతల వాళ్ళకి అవి కనబడవు. ఒక్క మాటతో మొత్తం పొద తన సొంతమైపోయిందని వాడి సంబరం.

కానీ భయం అక్కడితో ఆగుతుందా? కోడి తన పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుని, విషం ఉన్న చోట నేను పిల్లల్ని పెంచలేను, పొదని పీకెయ్యాల్సిందే అని కూర్చుంది. ఎద్దు మావయ్య కొమ్ములు విదిలించి ముందుకొచ్చాడు.

అప్పుడు పొదలోంచి పిగిలిపిట్ట గుండె బాదుకుంటూ బయటకొచ్చింది. దాని గూడు అందులోనే ఉంది. పిల్లలకింకా రెక్కలు రాలేదు. ఈ ముళ్ళు చూసే పాములు రావని గూడు కట్టుకుంది పాపం.

"మావయ్యా, నీ కాళ్ళకి దణ్ణం పెడతా. నేను నా పిల్లలకి రోజూ ఈ నల్లపళ్ళే పెడుతున్నా. ఒక్కదానికీ ఏం కాలేదు."

పిట్టల కడుపు వేరు, అవి వేపపళ్ళు కూడా తింటాయి అని కోడి కొట్టిపారేసింది. మేకత్త మాత్రం చెవులు నిక్కించింది. నల్లపళ్ళా? నల్లవెక్కడున్నాయి?

ఈలోగా నక్క గొంతు కాస్త కంగారుగా వినిపించింది. పీకితే విషం గాలికి లేస్తుందట, ఉన్నదాన్ని అలాగే ఉంచేస్తే మంచిదట. విషమని చెప్పిందీ వీడే, పీకొద్దని బతిమాలేదీ వీడే. మేకత్త గడ్డం ఓసారి ఊపుకుంది.

"లేదల్లుడూ, పీకించేస్తాం. ముందు తొట్టి దగ్గరికెళ్ళి నీళ్ళు తాగొస్తాం" అని వినబడేట్టు చెప్పి అందరినీ వెంటబెట్టుకెళ్ళింది. తొట్టి దగ్గరికి కాదులెండి, గేటులోంచి చుట్టు తిరిగి దడి అవతలికి.

వెళ్ళి చూస్తే ఏముంది! ఉన్నవన్నీ ఇప్పుడే తినెయ్యాలన్న ఆత్రంలో నక్క పొదలోకి సగం దూరిపోయాడు. ముళ్ళు బొచ్చుకి పట్టుకుని ముందుకీ వెనక్కీ కదల్లేడు. నోరు మాత్రం ఆడుతూనే ఉంది.

"ఏం అల్లుడూ, విషం తియ్యగా ఉందా?" అంది మేకత్త.

నక్క గుటక వేశాడు. "మీ కోసమే అత్తా. కోడిపిల్లలు పొరపాటున తింటాయేమోనని, ఉన్న విషమంతా నేనే తినేస్తున్నా. నేను పోయినా పర్లేదు."

"అయ్యో, బంగారం లాంటి అల్లుడివి, నిన్నెలా పోనిస్తాం? అన్నయ్యా, విషం తిన్నవాళ్ళకి మనూళ్ళో ఏం చేస్తారు?"

ఎద్దు మావయ్య తీరిగ్గా నెమరేసి అన్నాడు. "పేడనీళ్ళు పట్టించి కక్కిస్తారు. పేడకేం, ఎంత కావాలంటే అంత. అప్పటికప్పుడు వేడిగా ఇస్తా."

అని వెనక్కి తిరిగి నిలబడ్డాడు కూడా.

నక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. "వద్దు మావయ్యా, విషం కాదు! అది వాక్కాయ. మా కొండమీద చంటిపిల్లలు కూడా తింటారు. పచ్చిది పుల్లగా, వగరుగా ఉంటుంది. నల్లబడ్డాక తేనే. ఒట్టు!"

ఒట్టు ఎవరిక్కావాలి. మేకత్త నల్లపండొకటి కొరికింది. కళ్ళు మూసుకుంది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే, మింగింది.

ఇంకేముంది, పండగే. కింద రాలినవి కోడిపిల్లలకి, అందినవి మావయ్యకి, ముళ్ళ మధ్యవి మేకత్తకి, చిటారు కొమ్మవి పిగిలిపిట్టకి. పీకుదామన్న కోడే ఇప్పుడు గూటికేసి చూసి, పిల్లలకి చలేస్తుందేమో అని తన ఈక ఒకటి పంపించింది. నక్క మాత్రం బొచ్చు సగం ముళ్ళకి వదిలేసి కొండ దారి పట్టాడు. వెనకనుంచి మావయ్య, మందు తాగి వెళ్ళరా అని ఎంత ప్రేమగా పిలిచినా ఆగలేదు.

ఒక్కడే తిందామని పదిమందినీ భయపెట్టినవాడికి, ఆ భయానికి వేసే మందు చివరికి తన నోటి దాకా వస్తుంది.