కోట గడపలో పొయ్యిరాయి

కాళ్ళు కడుక్కుని పడుకున్నారా? శేషూ, నువ్వు గోడవైపు జరుగు, మణికి కాస్త చోటియ్యి. ఇవాళ రాజకుమారి కథ లేదు, రాక్షసుడి కథా లేదు. పొద్దుటి నుంచీ నా మనసేం బాగాలేదర్రా, అలాంటప్పుడు ఇదొక్కటే నోటికొస్తుంది. మధ్యలో ఊ కొట్టకపోతే ఆపేస్తాను, తర్వాత నన్ననొద్దు.

అనగనగా ఒక ఊరు కాదు, ఈసారి ఒక కొండ. దాని పేరు ఇప్పకోన. కొండ నిండా ఇప్పచెట్లు, చెట్ల నిండా పువ్వులు, పువ్వుల కోసం ఎలుగుబంట్లు. కొండ మీద పల్లెలు, కొండ కింద ఒక రాజ్యం. ఆ రాజు పేరు నాకు గుర్తులేదు, గుర్తు పెట్టుకోదగ్గ పని చేస్తేగా. ఒకనాడు మేడెక్కి కొండకేసి చూసి, అది కూడా నాదైపోతే బాగుండును అనుకున్నాట్ట. అనుకోవడమే తరువాయి, సైన్యాన్ని తోలాడు. కొండ నాది, చెట్టున రాలిన పువ్వు నాది, పట్టులో తేనె నాది, వాగులో చేప నాది, ఏరుకుంటే నాకు పన్ను కట్టండి అన్నాట్ట.

ఆ కొండవాళ్ళలో మాచన్న అని ఒకడున్నాడు. రాలిన పువ్వుకి పన్నేమిటి, చెట్టునడిగి చెబుతానుండు అని, పన్ను వసూలుకొచ్చిన వాణ్ణి దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి కిందికి సాగనంపాడు. నవ్వకండి, తర్వాత ఏడుపే ఉంది. రాజుకి కోపం నషాళానికెక్కింది. మాచన్నని కట్టి తెమ్మని దళవాయిని పంపాడు. దళవాయంటే సైన్యానికి పెద్ద. ఆయన పేరు పెద్దినాయుడు. ఇది ఆయన కథే అనుకోండి.

పెద్దినాయుడు బయల్దేరాడు. కొండెక్కారు, కోన దిగారు. వాగు దాటారు, వంక దాటారు. పుట్ట చూశారు, పొద చూశారు. దొరికాడా? దొరకలేదు. ఎండల్లో వెతికారు, వానల్లో వెతికారు, మంచులో వెతికారు. దొరికాడా? ఊ, మీరు చెప్పండి. ఆ, దొరకలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, వీళ్ళకి ఆ ఎలుక కూడా దొరకలేదు.

ఆఖరికి రాజు కబురంపాడు. వాడు దొరక్కపోతే వాడి ఊరుందిగా, చుట్టుపక్కల పల్లెలున్నాయిగా, తగలబెట్టండి, వాడే పరిగెత్తుకొస్తాడు అని. పెద్దినాయుడు ఒక పగలంతా నోరు మెదపలేదట. మర్నాడు సరే అన్నాడు. ఊళ్ళు కాలాయి. జనం అడవుల్లోకి పారిపోయారు. మాచన్న వాళ్ళమ్మ గురవమ్మ మాత్రం, మండుతున్న పొయ్యి వదిలి నేనెక్కడికొస్తాను అని లోపలే కూర్చుంది. ఆ ముసలావిడ ఇంక బయటికి రాలేదర్రా.

ఊ కొడుతున్నారా? కొట్టండి, చెబుతుంటే నాకే భయంగా ఉంది.

ఊళ్ళన్నీ బూడిదయ్యాక ఇక మిగిలినవేమిటి? పొయ్యిరాళ్ళు. గ్యాసు పొయ్యి దగ్గర పుట్టినవాళ్ళు మీరు, మీకు పొయ్యిరాళ్ళంటే ఏం తెలుసు. మూడు రాళ్ళు మూడు మూలలా పెట్టి, మధ్యలో మంటేసి, పైన కుండ పెడతారు. కొండవాళ్ళలో అత్త పోతూ పోతూ కోడలికి అప్పజెప్పేది నగలు కాదు, ఆ మూడు రాళ్ళే. ఇల్లు కాలినా రాళ్ళుంటే చాలు, మళ్ళీ ఆ చోటనే ఇల్లు లేస్తుందని వాళ్ళ నమ్మకం. కింది నుంచి వచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలీదు. రాయి రాయే కదా, పైగా కాలి కాలి గట్టిపడింది, మంచిదే అనుకున్నారు. బండ్లకెత్తి తీసుకుపోయి, కనుమ దగ్గర, అంటే కొండల మధ్య దారిలో, రాజు కట్టిస్తున్న కోటకి గోడలు పేర్చేశారు, గడప పరిచేశారు. తొక్కుకుంటూ లోపలికి, తొక్కుకుంటూ బయటికి.

మాచన్న పరిగెత్తుకొచ్చి దొరికిపోయాడా? లేదు. అంతకు ముందు ఒక్కడే ఎదురు తిరిగేవాడు, ఇప్పుడు కొండ కొండంతా తిరిగింది. దారులు మూసేశారు, కోటకి బియ్యం ఎక్కనివ్వలేదు. చివరికి పెద్దినాయుడి ఒక్కగానొక్క కొడుకు వెంకటాద్రి, బియ్యం బండ్లకి కాపలాగా వస్తూ వాళ్ళ చేతికి చిక్కాడు.

అప్పుడు రాజుకి బుద్ధొచ్చింది. బుద్ధి కాదులే, ఓపిక అయిపోయింది. నిన్నటిదాకా దొంగా, గజదొంగా అన్న నోటితోనే మాచన్నదొరగారూ, మాట్లాడుకుందాం రండి అని కబురు పెట్టాడు. మాచన్న ఏమన్నాడంటే, మాట్లాడదాం, కానీ మా పద్ధతిలో. మీలో వచ్చేవాడి పొయ్యి నుంచి ఒక రాయి, మా అమ్మ పొయ్యి నుంచి ఒక రాయి, ఎవరిదీ కాని వాగులోంచి ఒక రాయి. ఆ మూడిటి మీద గంజి కాచి ఒకే దొప్పలో తాగుదాం. మా అమ్మ రాయి మీ కోటలోనే ఉంది, వెతికి తీసుకురండి. తొలకరి ఉరుము ఉరిమేలోగా రాకపోతే మాటల్లేవు, మీ కుర్రవాడూ లేడు అన్నాట్ట.

రాజు కొలువులో తెలివైనవాళ్ళకేం తక్కువ? ఒకడు కొత్తగా రాయి చెక్కించి, వెండి తొడిగించి, గంధం పూసి, పళ్ళెంలో పెట్టి పంపాడు. మాచన్న వేలితో గీకి చూసి, దీనికి మసేదీ, ఇది అన్నం వండిన రాయి కాదు, ఇది కాదు అన్నాడు. ఇంకొకడు దానికి ఆముదం దీపం మసి పూయించి మళ్ళీ పంపాడు. తడిచేత్తో తుడిస్తే మసంతా చేతికొచ్చింది. ఇది కాదు అన్నాడు. మరొకడు కోట గోడ విప్పించి బండెడు రాళ్ళు తోలాడు. మాచన్న ఒక్కో రాయీ నిమిరి చూశాడు. ఇది కాదు, ఇదీ కాదు. అతను కాదన్నవాటిల్లో కొన్నిటిని చూసి కొండ ఆడవాళ్ళు, ఇది మాదమ్మా, ఇది మా అత్తదమ్మా అని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చారట. కోట గోడ సగానికి దిగింది. ఒక్క గడప మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గడప తవ్వితే అరిష్టం అని రాజు ఒప్పుకోలేదు.

ఇక్కడ కింద పెద్దినాయుడింట్లో వెంకటాద్రి పెళ్ళాం చెంగమ్మ ఉంది. మాటకి మెత్తన, చూపుకి చురుకు. మొగుడు కొండ మీద చిక్కాడని తెలిసిన దగ్గర్నుంచీ మామగారికి కోటలోకి అన్నం తనే పట్టుకెళుతోంది. వెళ్ళినప్పుడల్లా ఒక వింత చూసింది. అందరూ గడప తొక్కి నడుస్తారు. మామగారు మాత్రం ఎడమ పక్కనున్న ఒక్క రాయి దగ్గరికొచ్చేసరికి పంచె ఎత్తిపట్టి, దాన్ని దాటి అడుగేస్తారు. వెళ్ళేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఊరికే అంగలేస్తాడా? నన్నడగండి, చెబుతాను.

మబ్బులు పడుతున్నాయి. చెంగమ్మ ఆగలేదు. అన్నం ముందు పెట్టి, మామయ్యా, ఆ రాయి ఎవరిది అని అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ రాయి, నాకేం తెలుసు అని ఆయన కసురుకున్నాడు. ఆమె లేవలేదు. మీ కొడుకు ప్రాణం మామయ్యా అంది, అంతే.

అప్పుడు చెప్పాడు. మాచన్నని తరిమే రోజుల్లో ఒకసారి ఎండదెబ్బ తగిలి, తోవ తప్పి, తలపాగా కూడా లేకుండా ఒక్కడే ఒక ఇంటి ముందు కూలబడ్డాట్ట. ఒక ముసలావిడ లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, పొయ్యిరాయి మీదే ఉప్పూ మిరపకాయా నూరి, అంబలి పోసిందట. దాహం తీరేదాకా వచ్చినవాడి పేరడక్కూడదని కొండవాళ్ళ నియమం. తాగాక కూడా ఆవిడ అడగలేదు. ఆయనే మాటల్లో తెలుసుకున్నాడు, ఆవిడ మాచన్న తల్లి అని. ఎన్నేళ్ళుగా నూరిందో ఏమో, ఆ రాయి నడుమ గుంటపడిపోయి ఉంది. ఊరు తగలబెట్టమని రాజు కబురొచ్చినప్పుడు ఆయనకి ఆ ఇల్లూ తెలుసు, ఆ మనిషీ తెలుసు. అయినా వద్దనలేదు. తర్వాత గడప పరుస్తుంటే ఆ గుంట రాయి కళ్ళబడింది. అప్పుడూ నోరు విప్పలేదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటాం కదర్రా, ఈయన లెక్కపెట్టడం కాదు, తగలబెట్టాడు.

అన్నం తిని అగ్గిపెట్టినవాడికి కొండ మీద నిప్పూ నీరూ ఉండవు, ప్రాణాలతో కిందికి దిగడు, ఆ సంగతి చెంగమ్మకీ తెలుసు. నీకెలా తెలిసిందని మాచన్న అడిగితే, తాపీవాళ్ళు చెప్పారనండి మామయ్యా, మీరూ రావాలి, ఆయనా రావాలి అంది. పిచ్చితల్లి, ఇద్దర్నీ కావాలనుకుంది. తన పొయ్యిలోంచి ఒక రాయి ఊడదీసి చీర చెంగుతో తుడిచి ఇచ్చింది. పొయ్యిరాయి గడప దాటితే అది తిరిగొచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అలాగే మంచినీళ్ళు తాగి కూర్చుంది.

పెద్దినాయుడు రాజునడగలేదు, గునపం తెచ్చి తనే గడప తవ్వాడు. ఎవరూ ఆపలేదు. రెండు రాళ్ళూ మూటగట్టి నెత్తిన పెట్టుకుని కొండెక్కాడు. కొండెక్కాడు, కోన దిగాడు. వాగు దాటాడు, వంక దాటాడు. వాగులో మూడో రాయి కూడా ఏరుకున్నాడు. ఒకప్పుడు సైన్యాన్నేసుకుని వెతికిన దారే అది. ఇప్పుడు దారి పొడుగునా, తాపీవాళ్ళు చెప్పారు, తాపీవాళ్ళు చెప్పారు అని గొణుక్కుంటూ వెళ్ళాడు. మీరు ఎక్కం బట్టీపట్టినట్టు.

మాచన్న కూర్చుని ఉన్నాడు. చుట్టూ విల్లంబులు పట్టుకుని మనుషులు. ఒక పక్కన వెంకటాద్రి, చేతులు కట్టేసి ఉన్నాయి. మాచన్న మూట విప్పి, గుంట రాయి మీద చెయ్యి పెట్టాడు. ఇది కాదు అనలేదు. తలెత్తి, ఇన్ని రాళ్ళలో ఇదేనని నీకెలా తెలిసింది అని అడిగాడు.

పెద్దినాయుడు నోరు తెరిచాడు. తాపీవాళ్ళు అనబోయాడు. ఆ రాయి ఎదురుగా ఉంటే ఆ మాట రాలేదు. మీ అమ్మ దీని మీద ఉప్పూ మిరపకాయా నూరి నాకు అంబలి పోసింది, నేను తాగాను, తర్వాతే నీ ఇల్లు కాల్పించాను అన్నాడు.

విల్లులన్నీ లేచాయట. మణీ, చెయ్యి నొక్కకు, నొప్పి. వెంకటాద్రి తండ్రి మొహం చూడలేక తల దించుకున్నాడు. మాచన్న చెయ్యెత్తి మనుషుల్ని ఆపాడు. లేచి పెద్దినాయుడి దగ్గరగా వచ్చాడు. పొడుస్తాడనుకున్నారు, నరుకుతాడనుకున్నారు. అతను చేసింది వేరే. అప్పుడు మా అమ్మ ఏం మాట్లాడింది అని అడిగాడు.

చూశారా? అడవులు పట్టి తిరుగుతూ అతను ఆఖరి రోజుల్లో తల్లి మొహం చూడలేదు. ఆ ఊళ్ళో ఆవిడతో మాట్లాడినవాళ్ళు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. మిగిలింది తనని వేటాడినవాడొక్కడే. వాణ్ణే అడగాల్సొచ్చింది.

పెద్దినాయుడు చెప్పాడు. నా కొడుకు ఎండలో పడి తిరుగుతుంటాడయ్యా, ఏ తల్లో వాడికింత పోయకపోతుందా అని, నా గుమ్మంలోకొచ్చినవాడికి నేను పోస్తుంటాను, అంది నాయనా. ఇంకొంచెం తాగు, మొహం పీక్కుపోయింది, నీకూ తల్లుండే ఉంటుంది, అంది.

మాచన్న ఆ రాయి పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దినాయుడూ ఏడ్చాడు. అప్పుడే ఎక్కడో దూరంగా ఉరిమిందట. ఎవరూ పట్టించుకోలేదు. మాచన్నే లేచి మూడు రాళ్ళూ పేర్చాడు, మంట వేశాడు, గంజి కాచాడు. ఒక్క దొప్పలో తాగారు. నిన్ను క్షమించానని అనలేదు సుమా. నిన్ను చంపితే మా అమ్మ మాటలు ఇంకెవర్నడగను, అప్పుడప్పుడూ వచ్చి చెప్పి పో అన్నాడు. కట్లు విప్పించి వెంకటాద్రిని తండ్రి చేతిలో పెట్టాడు.

తర్వాత అన్నీ సవ్యంగానే జరిగాయి. సగం కూలిన కోటని రాజు ఏం చేసుకుంటాడు, కొండ మీదాశ వదులుకుని సైన్యాన్ని దింపేశాడు. రాయి తిరిగొచ్చింది, చెంగమ్మ పొయ్యి వెలిగించి మొగుడికి వేడివేడిగా వండి పెట్టింది. కొండవాళ్ళు కోటంతా విప్పి ఎవరి రాళ్ళు వాళ్ళు తీసుకెళ్ళారు. మళ్ళీ ఇళ్ళు లేచాయి, పొగలు లేచాయి. ఇప్పపువ్వు రాలితే ఏరుకున్నవాళ్ళదే.

కానీ కొన్ని రాళ్ళు మిగిలిపోయాయర్రా. వాటికోసం ఎవరూ రాలేదు. రావడానికి ఆ ఇళ్ళవాళ్ళు ఉండాలిగా. పెద్దినాయుడు కత్తి దించేసి, కనుమలో ఆ మిగిలిన రాళ్ళతోనే పొయ్యి పెట్టి, వచ్చేపోయేవాళ్ళకి అంబలి పోస్తూ అక్కడే ముసలివాడైపోయాడట. పేరడిగేవాడు కాదు. ఎవరన్నా దణ్ణం పెట్టి పుణ్యాత్ముడివయ్యా అంటే మాత్రం, కాదు, ఇది ఆవిడ అంబలి అనేవాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. కాకపోతే కొంతమంది ఆకులు కూడా పట్టుకోరు.

అందుకేనర్రా, గుమ్మంలోకొచ్చినవాడికి ముందు మంచినీళ్ళియ్యండి, పేరు తర్వాత అడగొచ్చు. ఒకరింట తిన్నారా, ఆ ఇంటి మీదికి ఎవరు రాయెత్తమన్నా చేతులు కట్టుకు కూర్చోండి, రాజు చెప్పినా సరే.

కథ కంచికి నడుస్తూ ఆ కనుమలో ఆగి అంబలి తాగి వెళ్ళింది. మనం ఇంట్లోనే ఉన్నాం, దుప్పట్లు కప్పుకోండి. శేషూ, పడుకున్నావా? ఏడుస్తున్నావా ఏమిట్రా, ఇలా దగ్గరికి రా.