లంబాసె తీరంలో చల్లబడిన ఇసుక

సులవేసి దీవికి ఉత్తరపు కొసన, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్నట్టుగా లంబాసె అనే చిన్న పల్లె ఉండేది. గుంజల మీద ఎత్తుగా కట్టిన చెక్క ఇళ్లు, ఇళ్ల ముందు చాపల మీద ఎండుతున్న లవంగాలు, ఒడ్డున వరసగా పడవలు. గాలి కొండ మీంచి దిగినంతసేపూ ఊరంతా లవంగాల వాసన వేసేది. సముద్రం వైపు నుంచి వీచిందంటే ఎండుచేపల వాసన. అక్కడ పొద్దుకి కూడా తొందర ఉండేది కాదు. తెల్లవారాక చాలాసేపటి వరకూ పాలరంగు మంచు నీళ్ల మీద తేలుతూ ఉండేది. వేటకి వెళ్లే పడవలు సముద్రం మీద కాక మబ్బుల్లో పోతున్నట్టు కనిపించేవి.

ఆ మంచులోంచే మలియో పక్షులు వచ్చేవి. కోడి కన్నా కాస్త పెద్దవి. నల్లటి రెక్కలు, లేత గులాబీ రంగు పొట్ట, నెత్తిన టోపీ పెట్టినట్టు ఒక బొడిపె. కాపురం కొండ మీది అడవిలోనే అయినా, గుడ్డు పెట్టాలంటే జంటలు జంటలుగా ఈ తీరానికి దిగి రావలసిందే. కూర్చుని పొదగడం వాటికి తెలీదు. ఇసుకలో లోతుగా గొయ్యి తవ్వి, గుడ్డు పెట్టి, పూడ్చేసి వెళ్లిపోతాయి. తక్కిన పనంతా ఎండకి కాగిన ఇసుకే చేస్తుంది. కొన్నాళ్లకి పిల్ల తనంతట తనే ఇసుకని తోసుకుంటూ పైకొచ్చి, రెక్కలు దులుపుకుని, అడవిలోకి ఎగిరిపోతుంది. తల్లి ఎవరో దానికి తెలీదు. తల్లికీ తన పిల్ల ఏదో తెలీదు.

ఊరివాళ్లు ఒకప్పుడు ఆ గుడ్లు తవ్వుకుని తినేవారు. పక్షులు తగ్గిపోతున్నాయని గ్రహించి మానేశారు. మాననిది తొగార్ ఒక్కడే. వాడొక ఉడుము. పల్లెకి అవతల, ఏరు సముద్రంలో కలిసేచోట బురదలో వాడి మకాం. మాట మెత్తన, నడక నెమ్మది, ఆకలి మాత్రం ఎప్పుడూ తీరనిది. లంబాసె తీరంలో ఇసుక గవ్వలతో, పగడపు ముక్కలతో గట్టిగా ఉండేది. అందులో ఒక్క గుడ్డు తవ్వి తీసేసరికి వాడి గోళ్లు అరిగిపోయేవి. ఏటిమొగ దగ్గరి ఇసుకైతే పిండిలా మెత్తన. ఆ పక్షులేవో అక్కడే గుడ్లు పెడితే ఎంత సుఖంగా ఉంటుందా అని వాడు ఎండలో పడుకుని కళ్లు మూసుకుని ఆలోచించేవాడు.

ఆ ఏడు వాడొక మాట పుట్టించాడు. లంబాసె ఇసుక ముసలిదైపోయిందనీ, లోపలి వేడి చచ్చిపోయిందనీ, ఇక్కడ పెట్టిన గుడ్డు గుడ్డుగానే కుళ్లిపోతుందనీ. ఈ మాటని వాడు పక్షులకి చెప్పలేదు. పడవల దగ్గర కట్టేసి ఉండే జెబ్ అనే మేకపోతుతో అన్నాడు, అదీ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. జెబ్‌కి నోట్లో గడ్డి నిలుస్తుందేమోగాని మాట నిలవదు. పైగా ఊళ్లో జరిగేవన్నీ వాడు రోజూ చూస్తూనే ఉన్నాడు. వలల్లో చేప తగ్గింది. చదువుకున్న కుర్రాళ్లు ఒక్కొక్కరే లాంచీ ఎక్కి గనుల్లో పనికి పోతున్నారు. మనుషులకే భవిష్యత్తు లేనిచోట పక్షులకేం ఉంటుందని వాడికి నిజంగానే తోచింది. దిగి వచ్చిన ప్రతి జంటకీ ఆ మాటే చెప్పాడు.

రింటో, సెలి అనే కుర్రజంట ముందు నమ్మలేదు. పొద్దున్నే వచ్చి, ఎప్పుడూ తవ్వే బాదంచెట్ల వరస కింద కాళ్లు పెట్టి చూశారు. ఇసుక చల్లగా ఉంది. ఇంకోచోట చూశారు. అక్కడా చల్లగానే ఉంది. సెలి కాలు వెనక్కి తీసుకుంది. కడుపులో గుడ్డు బరువుగా ఉన్నప్పుడు నేల చల్లబడితే ఆ భయం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం.

అప్పుడు తొగార్ చెట్టు చాటునుంచి మెల్లగా వచ్చాడు. తనకెందుకో వాళ్ల మీద జాలి వేస్తోందన్నాడు. ఏటిమొగ దగ్గర మంచి వేడి ఇసుక ఉందనీ, గోరు తగిలితే చాలు విడిపోతుందనీ, కావాలంటే తాను కాపలా కూడా ఉంటాననీ చెప్పాడు. ఆ జంట వెళ్లింది. వాళ్ల వెనక మరో జంట. చూస్తుండగానే తీరం ఖాళీ అయింది.

వెళ్లనిది మావార్ ఒక్కతే. అందరూ అత్తమ్మ అని పిలిచే పెద్ద పక్షి ఆమె. ఈమధ్యనే జతగాడు పోయాడు. అతను పోకముందు కలిగిన గుడ్డు ఒకటి ఇంకా కడుపులో ఉంది. ఇదే ఆఖరిదని ఆమె ఒంటికి తెలుసు. ఏటిమొగకి రమ్మని సెలి బతిమాలింది. తన కాళ్లకీ ఇసుక చల్లగానే తగిలిందని మావార్ ఒప్పుకుంది. అయినా ఈ తీరం తనని మోసం చేస్తుందంటే మనసు ఒప్పడంలేదంది. ఆమె మొండితనానికి కుర్రపక్షులు లోపల నవ్వుకున్నాయి.

రోజులు మంచులా కరిగిపోయాయి. ఏటిమొగ వైపు నుంచి ఒక్క పిల్ల కూడా అడవికి రాలేదు. తొగార్ మాత్రం నున్నగా, బలంగా తయారయ్యాడు. కాపలాకి ఉన్నవాడు కదా, ఎక్కడెక్కడ గుడ్లున్నాయో వాడికే బాగా తెలుసు.

ఒకరోజు మావార్ ఇక ఆగలేని స్థితిలో ఒంటరిగా కొండ దిగింది. మోకాళ్ల నొప్పితో దారిలో చాలాచోట్ల ఆగింది. ఆమె తీరం చేరేసరికి మంచు విడిపోయింది, ఎండ పడింది. ఏళ్ల తరబడి ఆ తీరాన్ని మంచులోనే చూసిన ఆమెకి, మొదటిసారి అంతా స్పష్టంగా కనిపించింది. బాదంచెట్ల కింద ఇసుక మీద పొడుగాటి తడి మచ్చలున్నాయి. ఒక కొస వెడల్పు, రెండో కొస సన్నగా తోకలా సాగింది. ఇరుపక్కలా నాలుగు కాళ్లు ఆనిన గుర్తులు. వంగి వాసన చూసింది. ఏటి బురద కంపు. తెల్లవారకముందే తొగార్ తడి ఒంటితో వచ్చి ఇక్కడ పడుకుని వెళుతున్నాడన్నమాట. అలా ఒకటి కాదు, పక్షులు తవ్వే ప్రతిచోటా ఉంది. వాటికి రెండడుగులు పక్కన కాలు పెట్టి చూసింది. ఇసుక వేడిగా, చిన్నప్పుడు తను పైకి తోసుకొచ్చిన రోజున ఉన్నంత వేడిగా ఉంది.

మావార్ అక్కడే నిలబడిపోయింది. మొదట ఆనందం వేసింది. ఆ వెంటనే ఏటిమొగలో పెట్టిన గుడ్లు గుర్తొచ్చాయి.

ఆమె మళ్లీ కొండెక్కి రింటోని, సెలిని వెంటబెట్టుకొచ్చింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. మచ్చల దగ్గరికి తీసుకెళ్లి చూపించిందంతే. సెలి ఆ ఆకారం వెంబడి తల నుంచి తోక దాకా నడిచి, చివర కూలబడిపోయింది.

"అత్తమ్మా, నా గుడ్డుని నేనే తీసుకెళ్లి వాడి పళ్లెంలో పెట్టాను," అంది.

"నువ్వు పెట్టింది వేడి ఉందన్నచోట, తల్లీ," అంది మావార్. "అబద్ధం చెప్పింది వాడు."

రింటో ఆవేశపడ్డాడు. అందరం కలిసి వాడి కళ్లు పొడుద్దామన్నాడు. ఉడుము తోక దెబ్బకి పక్షి వెన్ను విరుగుతుందని మావార్ గుర్తుచేసింది. మనకి చేతనైన పని తవ్వడం, ఆ పనే చేద్దామంది. మర్నాటి నుంచి కొండ మీది జంటలన్నీ దిగివచ్చాయి. తీరం ఈ కొస నుంచి ఆ కొస దాకా గోతులు తవ్వి, ఏమీ పెట్టకుండానే పూడ్చాయి. ఎక్కడో ఒకదాంట్లో మాత్రం మళ్లీ కలిగిన గుడ్డు పెట్టేవి. పైకి చూస్తే అన్నీ ఒకటే. మావార్ తన గుడ్డుని పాత పడవ ఒకటి పడి ఉన్నచోటికి దగ్గర్లో పెట్టి, రింటో సాయంతో పూడ్చింది.

ఆ తర్వాత ఆమె మేకపోతు దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఇసుక మళ్లీ వేడెక్కిందనీ, ఈసారి గుడ్లన్నీ ఇక్కడే పెట్టామనీ, ఈ సంగతి తొగార్‌కి మాత్రం తెలియనివ్వొద్దనీ చెప్పింది. జెబ్ తల ఊపాడు. మధ్యాహ్నానికల్లా తొగార్‌కి తెలిసిపోయింది.

వాడు వచ్చి చూశాడు. తీరం నిండా కొత్తగా పూడ్చిన గుర్తులు. అంత విందు వాడు కలలో కూడా చూసి ఉండడు. మొదటి గొయ్యి తవ్వాడు, ఏమీ లేదు. రెండోది, అంతే. గవ్వలు గోళ్లని కొరికేస్తున్నా, పక్కదాంట్లో తప్పకుండా ఉంటుందని వాడికి ఆశ. ఆ ఆశే వాణ్ణి ఒక గోతి నుంచి ఇంకో గోతికి లాక్కుపోయింది. ఒకటి రెండుచోట్ల వాడికి దొరికింది కూడా, కాదనలేం. కాని ఆ గుడ్డు ఇచ్చిన బలమంతా తర్వాతి గోతులకే ఖర్చయిపోయేది. వాడు ఎత్తిపోసిన ఇసుక పక్క గోతుల మీద పడి, అసలు గుర్తులే చెరిగిపోయాయి. లవంగాలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్లు వాడి అవస్థ చూసి, మన ఒడ్డుని దున్నడానికి ఎవరో కొత్త కూలీని పెట్టినట్టున్నారని నవ్వుకున్నారు.

కొన్నాళ్లకి వాడి డొక్కలు లోపలికి పోయాయి. గోళ్లు అరిగి మొండి అయ్యాయి. ఒక సాయంత్రం మావార్ ఉన్నచోటికి ఈడ్చుకుంటూ వచ్చి కూలబడ్డాడు.

"అత్తా, ఇక నాకు ఓపిక లేదు. గుడ్లు ఎక్కడున్నాయో చెప్పెయ్యి. ఒక్కటి తిని వెళ్లిపోతాను."

మావార్ వాణ్ణి చూసింది. ఆమెకి కోపం రాలేదు.

"నువ్వు తవ్వకముందు నాకు తెలుసు నాయనా. ఇప్పుడు నాకూ తెలీదు."

వాడు ఆమె కళ్లలోకి చాలాసేపు చూశాడు. జీవితమంతా అబద్ధాలు చెప్పినవాడికి నిజం వినపడితే గుర్తుపట్టడం కష్టం కాదు. నీళ్లలోకి దిగి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము అవతలికి ఈదుకుంటూ పోయాడు. మళ్లీ లంబాసెలో ఎవరికీ కనిపించలేదు.

పక్షులన్నీ సంబరపడ్డాయి. మావార్ పడలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పాత పడవని ఊరివాళ్లు వంటచెరుకుకి తీసుకుపోయారు. తొగార్ పోసిన ఇసుక అక్కడ గుట్టలా పడింది. తన గుడ్డు ఆ గుట్ట కింద ఉందో, దాని పక్కన ఉందో ఆమెకి అంతుపట్టలేదు. తవ్వి చూద్దామంటే తన గోరే తగిలి పెంకు పగులుతుందేమోనని భయం. తవ్వకపోతే, అంత బరువు కింద నుంచి అంత చిన్న ప్రాణి పైకి రాగలదా అన్న భయం. సెలి కొండ మీదికి వచ్చెయ్యమంది. మన జాతిలో ఎవరూ గుడ్డు దగ్గర ఎదురుచూడరు కదా అంది. నిజమేనని ఒప్పుకుని కూడా మావార్ వెళ్లలేదు.

పొద్దున మంచు వచ్చేది, పోయేది. లాంచీ వచ్చేది, పోయేది. రాలిన బాదం ఆకులు ఎర్రగా ఇసుక మీద దొర్లేవి. ఒక్కొక్కచోట ఇసుక కదిలి పిల్లలు బయటికొచ్చేవి. సెలి పిల్ల ఏదో, మరొకరి పిల్ల ఏదో ఎవరూ చెప్పలేరు. అన్నీ ఒక్కసారి దులుపుకుని కొండవైపు ఎగిరిపోయేవి. ఒక్కొక్కటి ఎగిరినప్పుడల్లా, నాదేమో అనుకునేది మావార్. గుట్ట వైపు నుంచి మాత్రం ఏదీ రాలేదు. చివరికి ఇసుక కదలడమే ఆగిపోయింది. ఆమె రోజంతా గుట్టకి ఎదురుగా కూర్చుని కునుకుతూ ఉండేది. ఆ కునుకులో ఇసుక కింద ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపించేది. కళ్లు తెరిస్తే అలల చప్పుడు.

ఒక మధ్యాహ్నం అలలు వెనక్కి తగ్గాయి, చప్పుడు మాత్రం ఆగలేదు. గుట్ట పక్కన గుప్పెడు ఇసుక జారింది. మళ్లీ కదలలేదు. మావార్ మెడ ముందుకి చాచింది. చాలాసేపటికి ఇసుకలోంచి ఒక నల్లటి తల బయటికొచ్చింది. తర్వాత ఒక రెక్క. అది ఆగి రొప్పి, మళ్లీ తన్నుకుని, పూర్తిగా బయటపడి ఒరిగిపోయింది. వెలుతురికి కళ్లు చిట్లించి ఆమెని చూసింది.

"ఎవరు నువ్వు?" అంది.

మావార్ నోటి దాకా వచ్చిన మాట ఆగింది. తెలియని ప్రేమని ఇప్పుడే మెడలో వేస్తే ఈ పిల్ల ఎగరదేమో అనిపించింది.

"ఈ తీరం దాన్ని," అంది.

"ఇక్కడ బతకొచ్చా?"

మావార్ ఆలోచించింది. చేపలు తగ్గిన వలలు, లాంచీ ఎక్కిన కుర్రాళ్లు, కొండ మీద ఏటేటా పలచనవుతున్న అడవి, అన్నీ ఆమెకి తెలుసు.

"తేలిక కాదు," అంది. "కాని ఇసుక వేడిగా ఉంది. అడవి ఆ ఇళ్ల వెనక కొండ మీద ఉంది. అక్కడ సెలి అని ఒకామె ఉంటుంది, మంచిది. పళ్లు ఎక్కడ దొరుకుతాయో చూపిస్తుంది."

పిల్ల రెక్కలు దులిపింది. ఎండలో ఇసుక రేణువులు మెరుస్తూ రాలాయి. ఒకటి రెండుసార్లు తడబడి, లవంగాల చాపల మీదుగా, ఇళ్ల కప్పుల మీదుగా లేచి పచ్చదనంలో కలిసిపోయింది. మావార్ దాని నీడ నేల మీద కనిపించినంతసేపూ చూసి, తర్వాత మెల్లగా లేచి, మోకాళ్లు సరిచేసుకుని, కొండదారి పట్టింది.

నీ నేల చల్లబడిందని ఎవరైనా చెబితే, విడిచిపెట్టి పోయేముందు ఆ చల్లదనం ఎవరి ఒంటి తడో చూసుకో.