రాజుగారి తేజస్సుకి నెట్ పోయింది

దమ్ముంటే నమ్మురా. కందగిరి అని ఒక రాజ్యం, అక్కడో కోట, కోటలో బ్రాడ్‌బ్యాండ్. రాజులకి బ్రాడ్‌బ్యాండ్ ఏంట్రా అని అడిగావో బ్లాక్ చేస్తా. ఉంది అంతే.

రాజు పేరు రణభీకర భూపతి. యుద్ధాలు బోర్ కొట్టి, పక్క దేశం రాజుతో ఆన్‌లైన్‌లో చదరంగం మొదలెట్టాడు. ఐదు ఆటలు, పందెం సరిహద్దులో మామిడితోట. మొదటి రెండు ఆటల్లోనూ మనోడు గెలుస్తుండగానే నెట్ కట్. నెట్ పోతే ఓడినట్టే, అది రూల్. ఇంకొక్కటి పోతే తోట వాళ్ళదే.

మూడో ఆట ఆ రోజు సాయంత్రం. పొద్దున్నే సభ పెట్టాడు.

"నెట్ ఎందుకు పోతోందో ఇవాళ తేలాలి. తప్పు వైరుదైతే, అది లాగినవాడికి గుండు కొట్టించి, గాడిదెక్కించి, పొలిమేర దాటించేస్తా!"

వైరు లాగింది సూరయ్య. మంచోడు పాపం. వాళ్ళక్క గవరమ్మ రాజుగారి వెనకాల నిలబడి వింజామర వీస్తుంది. పదేళ్ళుగా అదే డ్యూటీ. తమ్ముడి గుండు సంగతి అక్కడే నిలబడి వింది. వీయడం మాత్రం ఆపలేదు.

ఆస్థానంలో నెట్ చూసుకునేది ఉద్దండ పండితుడు. పని తక్కువ, శాలువాలు ఎక్కువ. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాడు. రౌటర్ మార్చాడు. మార్చిన రౌటర్‌కి నిమ్మకాయలు కట్టాడు. స్పీడ్ టెస్ట్ పెడితే సూపర్. ఎన్నిసార్లు పెట్టినా సూపర్. రాజు ఆడితేనే పోతోంది.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు రాజు.

పండితుడు శాలువా సర్దుకున్నాడు.

"తమరి తేజస్సు ప్రభూ. తమరు శత్రువు కాయని చంపినప్పుడల్లా అది భగ్గుమంటోంది. సూరయ్య చవక వైరు తట్టుకోలేకపోతోంది."

"అంటే తప్పు నాదంటావా?"

"వైరుది ప్రభూ."

"నాకూ అలాగే అనిపించింది," అని మీసం దువ్వుకున్నాడు రాజు.

గాడిదని తెచ్చి సభ ముందు కట్టేశారు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. గవరమ్మకి కారణం తెలుసు. రాజు కాయని కొట్టగానే నగారా మోగాలని పండితుడే రూల్ పెట్టాడు, రాజుగారు మురిసిపోతారని. నగారా అంటే చిన్నది కాదు, ఏనుగు పొట్టంత ఉంటది. వైరేమో ఆ నగారా కాలికే కట్టుంది. ధన్‌మని ఒక్కటి పడితే వైరు చివర పిన్ను కదిలి రౌటర్‌లో ఎర్ర లైటు. వెనకాల నిలబడ్డ మనిషికి రెండూ కనపడతాయి. స్పీడ్ టెస్ట్‌కి నగారా ఎవడు కొడతాడు? అందుకే సూపర్.

కానీ వింజామర పట్టుకునే ఆవిడ లేచి పండితుడిది తప్పంటే ఎవడు వింటాడు? ఇంకో గాడిదని తెప్పిస్తారు.

సో గవరమ్మ మెల్లగా అంది. "ప్రభూ, పండితులవారు చెప్పింది నిజమే. చిన్న పరీక్ష పెడితే ఊరందరికీ తెలుస్తుంది."

"ఏం పరీక్ష?"

"ఆయన తమరి చోట కూర్చుని ఒక ఆట ఆడాలి. తమరు ఆడేటప్పుడు ఏమేం జరుగుతాయో అన్నీ అలాగే జరగాలి. ఆయనకి తేజస్సు లేదు కాబట్టి నెట్ పోదు. మా సూరిగాడి వైరే తమరి తేజస్సుకి ఆగట్లేదని తేలిపోద్ది."

రాజు ఇంకా ఊ అననేలేదు, పండితుడు అప్పటికే సింహాసనం మీద సగం కూర్చున్నాడు.

కంప్యూటర్‌తో ఆట పెట్టారు. పండితుడు బంటుని జరిపాడు. నెట్ ఉంది. ఇంకో బంటు. ఉంది. సూరయ్య గాడిదని చూస్తున్నాడు. గాడిద సూరయ్యని చూస్తోంది.

పండితుడు అవతలి గుర్రాన్ని చంపాడు.

ధన్!

ఎర్ర లైటు.

రాజు పక్క కుర్చీలోంచి మెల్లగా లేచాడు.

"ఏమయ్యా ఉద్దండా. నీకూ నా అంత తేజస్సుందా?"

పండితుడికి చెమటలు. "లే... లేదు ప్రభూ!"

"మరి నెట్ ఎందుకు పోయింది?"

గవరమ్మ వీయడం ఆపి, చాలా వినయంగా అంది.

"ఉంటే ఒప్పేసుకోండి బాబూ, సిగ్గెందుకు. మహారాజుతో సమానం అని ఊరంతా దండోరా వేయిద్దాం."

పండితుడు సింహాసనం మీంచి ఒక్క దూకు దూకాడు. "తేజస్సు కాదు ప్రభూ! అసలు తేజస్సే కాదు!" అంటూ రౌటర్‌లో పిన్ను మళ్ళీ నొక్కి, వైరు పట్టుకుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళాడు. శాలువాలు నేల తుడుస్తున్నాయి. నగారా దగ్గర ఆగాడు. లైటు మళ్ళీ పచ్చగా వచ్చేదాకా చూసి, నగారాని ఒక్కటి గుద్దాడు. ఎర్ర లైటు.

"నగారా ప్రభూ! ఆ అదురుకే వైరు ఊడుతోంది!"

"వైరుని నగారాకి ఎవడు కట్టాడు? సూరయ్యేనా?"

"నేను గోడకే వేశాను ప్రభూ," అన్నాడు సూరయ్య. "గోడ మీద తన బొమ్మకి అడ్డమొస్తోందని పండితులవారే పీకించి అక్కడ కట్టించారు."

ముందు రాజు నవ్వాడు. తర్వాత సభంతా. నగారా కొట్టేవాడైతే పడీ పడీ.

"గాడిదని ఇంటికి పంపేయండి," అన్నాడు రాజు. "ఉద్దండా, సాయంత్రం నగారా మాత్రం ఆగకూడదు. నేను ఆడినంతసేపూ ఆ పిన్ను ఊడకుండా నువ్వే చేత్తో పట్టుకుని నిలబడు. గవరమ్మా, ఏం కావాలో కోరుకో."

"పదేళ్ళుగా నిలబడే ఉన్నా ప్రభూ. ఒక పీట ఇప్పించండి."

రాజు మళ్ళీ నవ్వాడు. సింహాసనం పక్కనే గంధపు చెక్క పీట వేయించాడు. ఆవిడ అందరి ముందూ కూర్చుని, హాయిగా కాళ్ళు చాపి, వింజామర తీసి రాజుగారి చేతిలో పెట్టి...

ఒరేయ్, మా మావయ్య కింద హారన్ కొట్టి చంపుతున్నాడు, పోతున్నా