నాలుగు నిమిషాల ఉత్తరం

"మాస్టారూ, పదకొండు వందల మంది మెచ్చుకుంటున్న చోట ఒక్క మనిషి సణుగుడికి ఎంత విలువ ఇవ్వాలి?"

హేమసుందర్ ఈ ప్రశ్న అడిగేనాటికే జవాబు సిద్ధం చేసుకున్నాడు. మాస్టారు ఔనంటే చాలు.

జగ్గునాయుడు మాస్టారు సాలూరులో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక, చుట్టుపక్కల కొండల్లో దొరికే ఆకులూ కాయలూ దుంపల గురించి వారానికో ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. ఆయన కాగితం మీద రాస్తారు. దాన్ని టైపు చేసి, ఫొటోలు చేర్చి, ఆదివారం పొద్దున్నే మొబైల్ యాప్‌లో చందాదారులకి పంపే పనిని ఆయన పాత శిష్యుడు హేమసుందర్ ఎవరూ చెప్పకుండానే నెత్తికెత్తుకున్నాడు. తొంభై మంది చందాదారులు పది నెలల్లో పద్నాలుగు వందల అరవై మంది అయ్యారంటే అది అతని చలవే.

మాస్టారి ఉత్తరం చదవడానికి తొమ్మిది నిమిషాలు పడుతుందనీ, జనం సగటున మూడు నిమిషాల నలభై సెకన్ల దగ్గర వదిలేస్తున్నారనీ యాప్ అతనికి చూపించింది. ఆనాటి నుంచి ప్రతి ఉత్తరాన్నీ నాలుగు నిమిషాలకి కుదిస్తూ వచ్చాడు. కుదిస్తున్నానని మాస్టారికి చెప్పాడు గాని, ఏం తీసేస్తున్నాడో చెప్పలేదు. మేనత్త కబుర్లూ, వాగు ఒడ్డు జ్ఞాపకాలూ పోతే అసలు విషయం మిగులుతుందని అతని లెక్క. లెక్క ఫలించింది. ఉత్తరం కింద గుండె బొమ్మ నొక్కేవాళ్ళు రెట్టింపయ్యారు.

పేచీ అంతా చిన్నమ్మడు గారితోనే. ఆవిడ మక్కువ అనే ఊళ్ళో ఉండే రిటైరైన నర్సు. ఉత్తరం అందిన గంటలో జవాబు వచ్చి పడేది. "పువ్వు తెలుపని రాశారు, ఫొటోలో పసుపు. ఏది నమ్మాలి?" "కషాయం కాచమన్నారు, ఎన్ని నీళ్ళకో చెప్పరేం?" పది నెలల్లో నలభై ఒక్క ఫిర్యాదులు, ఒక్క గుండె బొమ్మ లేదు. ఆఖరిదైతే మరీ ఘోరం: "ఈమధ్య మాస్టారి ఉత్తరాలు నడుము విరిగినట్టుంటున్నాయి. ఎవరు విరుస్తున్నారు?" అది చదివేసరికి హేమసుందర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిణ్ణి బ్లాక్ చేసి పారేశాడు. ఇకమీద ఉత్తరం ఆవిడకి వెళ్తుంది, ఆవిడ మాట మాత్రం ఇటు రాదు. ఆ పని చేసేశాకే మాస్టారి దగ్గరికి ప్రశ్నతో వచ్చాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"నలభై ఒకటి అన్నావు. అందులో ఎన్ని నిజం?"

"అది లెక్కపెట్టలేదండి."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ రాతలో పడ్డారు. హేమసుందర్ దాన్నే అంగీకారం కింద రాసుకున్నాడు.

ఆ ఆదివారం ఉత్తరం ఒక కొండదుంప గురించి. గుండె బొమ్మలు పన్నెండు వందలు దాటాయి. అంతవరకూ ఏ ఉత్తరానికీ రానన్ని.

సోమవారం మొదటి బస్సుకి చిన్నమ్మడు గారు దిగారు. ముతక చీర, చేతిలో ఫోను తప్ప సంచీ అయినా లేదు. మాస్టారింటి అరుగు మీద కూర్చున్న హేమసుందర్‌ని ఎగాదిగా చూశారు.

"ఈ యాప్ చూసేది నువ్వేనా బాబూ? నిన్న తొమ్మిదిసార్లు రాసినాను. ఒక్కటీ పోలేదు. ఎందుకు పోలేదో నీకేటైనా తెలుసా?"

అతను తన ఫోను జేబులోకి తోశాడు.

"తెలుసన్నమాట. సరే, ఇది చదువు. పైకి చదువు, మాస్టారు కూడా వింటారు."

హేమసుందర్ ఆవిడ ఫోనులో తాను పంపిన ఉత్తరాన్నే చదివాడు. ఆకు ఎలా ఉంటుందో, ఎంత లోతున తవ్వాలో, ఉడికించి ఉప్పూ పసుపూ వేస్తే ఎంత కమ్మగా ఉంటుందో. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. లోపలి నుంచి మాస్టారు కాగితాలతో వచ్చారు. రెండో పుట మీద వేలు ఆనించి, ఒక పేరా అతని ముందు పెట్టారు. చిన్నప్పుడు మేనత్త వెంట వాగుకి వెళ్ళిన జ్ఞాపకం అది. ఆ జ్ఞాపకం నడిమధ్యన ఉంది వాక్యం: ముక్కలు కోసి, గంపలో పెట్టి, పారే నీళ్ళలో రెండు రాత్రులు ఉంచితే గాని దీని విషం పోదు, అందాకా నోట పెట్టకూడదు.

"మా పక్కింటి సూరప్పడు నాలుగు ముక్కలు తిన్నాడు," అన్నారు చిన్నమ్మడు గారు. ఆవిడ గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. "నోరు మండి, వాంతులై, కళ్ళు తిరిగి పడిపోయాడు. కుండ నేనే కాలవలో బోర్లించినాను. వాళ్ళావిడ ఏటందో తెలుసా? మాస్టారు రాసినారు కదమ్మా, చదివి గుండె కూడా నొక్కినాం అంది. రాత్రంతా సెలైన్ ఎక్కితే తెల్లారగట్ల కళ్ళు తెరిచాడు. మరి మిగతా పద్నాలుగు వందల మంది నిన్న ఏటి వండుకున్నారో నీ ఫోను చూపిస్తాదేటి?"

హేమసుందర్ ఫోను తీసి చూశాడు; అందులో ఉన్నది గుండె బొమ్మల లెక్కే.

మాస్టారు కాగితాలు అరుగు మీద పెట్టేశారు. "ముందు ఆవిడకి అడ్డం తియ్యి," అన్నారు. "తర్వాత రాయి."

అతను బ్లాక్ తీసేసి, ఆదరాబాదరాగా సవరణ రాసి చూపించాడు. చిన్నమ్మడు గారు ప్రతి అక్షరం కింద వేలు పెట్టి చదివారు. "'తినకపోవడం మంచిది' అంటావేటి? ఇదేం పెళ్ళి పిలుపా, బతిమాలడానికి? 'తినవద్దు, ప్రాణం పోతుంది' అని రాయి. మొదటి లైనులో రాయి." అలాగే రాసి పంపాడు.

రెండు నిమిషాలు కాలేదు, సవరణ కింద గుండె బొమ్మలు మొదలయ్యాయి. అరవై. నూట నలభై. మూడు వందల పన్నెండు. ఎవరో "చక్కటి సమాచారం మాస్టారూ, ఈ వారమే వండుతాం" అని కూడా రాశారు. హేమసుందర్ ఫోనుని నేలకేసి కొట్టబోయి ఆగాడు. పది నెలలుగా తాను మురిసిపోయిన అంకె ఇదేనా అని పళ్ళు పటపట కొరికాడు.

ఆ తర్వాత ముగ్గురూ మూడు ఫోన్లు పట్టుకుని, ఆ దుంప దొరికే కొండ ఊళ్ళలో ఉన్న నూట ఎనభై మంది చందాదారులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. ఎత్తనివాళ్ళకి మళ్ళీ చేశారు. ఏడిళ్ళలో దుంపలు తవ్వి పెట్టుకున్నారు. రెండిళ్ళలో అప్పటికే పొయ్యి మీద ఉన్నాయి. ఆ పూట హేమసుందర్ తిన్న తిట్లు తన పుట్టుకలో ఎరగడు. పొద్దు వాలాక చిన్నమ్మడు గారు మంచినీళ్ళు మాత్రం తాగి, తిరుగు బస్సెక్కారు.

నాలుగు రోజుల తర్వాత మాస్టారు కొత్త ఉత్తరం రాసి అతని చేతిలో పెట్టారు. పది పుటలు. హేమసుందర్ రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోలేదు.

"ఒక్క అక్షరం తియ్యనండి. ఆదివారం పొద్దున్నే అందరికీ పంపేయమంటారా?"

"అందరికీ తర్వాత," అన్నారు మాస్టారు. "ముందు మక్కువ వెళ్ళి, ఆవిడ చేత తిట్టించుకుని రా."