చప్పుడు లేకుండా తినేవాడు

దస్తగిరి తన చేత్తో కట్టిన మొదటి కట్టే వంకరపోయింది.

వాళ్ళ దర్గాలో ఒక పద్ధతి ఉంది. విరిగిన ఎముకకు వేసిన కట్టును గురువారం నాడు, అరుగు మీద, అందరూ చూస్తుండగా విప్పాలి. బాగైతే పేరు, లేకపోతే నవ్వులపాలు. ఆ గురువారం చెన్నక్క తన కూతురు ఓబుళమ్మను తీసుకొచ్చింది. గొర్రెల దొడ్డి గోడ మీంచి పడి, మణికట్టుకు కాస్త పైన చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్ల. దస్తగిరి కట్టిన వెదురు దబ్బలు తీసి, పట్టుగా పూసి ఎండిపోయిన మినప్పిండి కడిగి చూస్తే, ఎముక అతుక్కుంది గానీ బొడిపె కట్టి పక్కకు వంగి ఉంది.

"చిలకముక్కు మాదిరి ఉందే" అన్నారెవరో కింద నుంచి. నలుగురూ నవ్వారు.

జనం పోయాక దస్తగిరి గురువు దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. గురువు పేరు బుడన్ సాహెబు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఎముకలు కట్టే ఫకీరు.

"తాతా, వచ్చే గురువారం ఆ పిల్ల చెయ్యి మళ్ళీ విరిచి కడతా."

"పిల్లకు నొప్పుందా?"

"లేదు."

"వేళ్ళు ఆడుతుండాయా?"

"ఆడుతుండాయి."

"మరి నొప్పి ఎవరికిరా?"

దస్తగిరి తల దించుకున్నాడు గానీ పట్టు వదల్లేదు. "ఎముకంటే రాయి కదా తాతా. వంకర రాయి తనంతట తాను చక్కబడుతుందా?"

"సరే, గురువారం చూద్దాం" అన్నాడు సాహెబు. ఆయన అట్లాంటి మనిషే. వాదించడం ఆయనకు చేతకాదు, చేతనై ఉంటే మనకీ కథే లేదు.

ఆ మధ్యాహ్నం కూరలో వచ్చిన కోడి కాలి ఎముకను శుభ్రంగా కడిగి ఒక గాజు సీసాలో వేశాడు. దాని మీద నిండా సిర్కా, అదే వెనిగర్, పోశాడు. పుల్లటి ఘాటు ముక్కులు బద్దలు కొట్టింది. సీసాను తీసుకెళ్ళి దస్తగిరి మినుములు రుబ్బే మూలలో పెట్టాడు.

కాసేపటికి ఎముక ఒళ్ళంతా సన్నటి బుడగలు పట్టాయి. ఒక్కొక్కటే విడిపడి పైకి పోతున్నాయి. లోపల ఏదో ఊపిరి తీస్తున్నట్టుంది. దస్తగిరి దానికి వీపు పెట్టి రుబ్బుకునేవాడు. అయినా వెనక ఎవరో కూర్చున్నట్టే ఉండేది. ఒక రోజు ఉండబట్టలేక సీసా ఎత్తి బయట పెట్టబోయాడు.

"తినేవాడి ముందు నుంచి కంచం లాగుతారా?" అన్నాడు సాహెబు.

దస్తగిరి తొంగి చూశాడు. సీసాలో ఎముక తప్ప ఎవరూ లేరు.

గురువారం పొద్దున, జనం రాకముందే, సాహెబు ఆ ఎముకను తీసి నీళ్ళతో కడిగి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"విరువు."

చూడ్డానికి అదే ఎముక. అదే పొడుగు, అదే లావు. దస్తగిరి రెండు చేతులా పట్టి ఒత్తాడు. పుటుక్కున విరగాల్సింది కాస్తా మెత్తగా వంగింది. ఇంకా ఒత్తితే రెండు కొసలూ ఒకదానికొకటి తగిలాయి. పట్టు వదిలాడు. అది అరచేతిలో మెల్లగా తనే సాగి మళ్ళీ ఎముకలా పడుకుంది. పురుగును ముట్టుకున్నట్టు చెయ్యి విదిలించాడు.

"దీంట్లో రాయి యాడికి పోయిందిరా?"

"పులుపు తినేసింది తాతా."

"ఆ పులుపే మన ఒంట్లోనూ ఉంది. ఎముకను మేసేవాళ్ళుంటారు, కంటికి ఆనరు. జలగ మాదిరి ఎముకకు కరుచుకుని, చుట్టూ అంచు మూసుకుని, ఆ సందులో పులుపు వదుల్తారు. రాయి కరుగుతుంది. మిగిలిన మెత్తటిది కూడా తినేసి పక్కకు జరుగుతారు. ఆ గుంటలో వేరేవాళ్ళొచ్చి కొత్త ఎముక కడతారు."

పెద్ద పెద్ద డాక్టర్లు ఇప్పుడు చెప్పేదీ ఇదే. ఆయనకెవరు చెప్పారో నాకు తెలీదు. అడిగినవాళ్ళను చూసి నవ్వి ఊరుకునేవాడట.

"మీ నాయన నిన్ను చిన్నప్పుడు నా దగ్గరికి తెచ్చి వదిలినాడే, ఆ రోజుటి ఎముకలు నీలో ఇప్పుడు లేవు. మొత్తం తినేసినారు. నీకేమన్నా తెలిసిందా?"

దస్తగిరి తన ముంజేతిని పట్టుకుని చూసుకున్నాడు. చెయ్యి తనది కానట్టనిపించింది. నిజంగానే భయమేసింది.

"పిల్లల్లో వాళ్ళు మా చురుగ్గా ఉంటారు. బొడిపె ఉన్న చోట తింటారు, గుంట ఉన్న చోట కట్టిస్తారు. నువ్వు విరిస్తే పని మళ్ళీ మొదటికొస్తుంది. ఇంక నీ ఇష్టం" అన్నాడు సాహెబు.

జనం వచ్చారు. చెన్నక్క వచ్చింది. మళ్ళీ విరుస్తారని విన్న ఓబుళమ్మ, తల్లి కొంగులో మొహం దాచుకుంది. విరవడానికి తెచ్చిపెట్టిన కొయ్య దిమ్మె అరుగు మీదే ఉంది. దస్తగిరి దాన్ని కాలితో పక్కకు నెట్టాడు.

"విరిచేది లేదక్కా. ఆ వంకర నా చేతిదే. అట్నే వదిలేద్దాం, పెరిగే పిల్ల, సర్దుకుంటాది" అన్నాడు అందరికీ వినపడేలా.

కింద మళ్ళీ నవ్వారు. దస్తగిరి ఆ వైపు చూడలేదు.

ఓబుళమ్మ కొంగులోంచి మొహం తీసింది. "ఎవరు సర్దుతారు?"

"నీ చేతి లోపల ఒకాయన ఉండాడమ్మా. ఎక్కువున్న ఎముకను తినేస్తాడు."

పిల్ల తన చేతిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"ఎప్పుడు ఆపాలో ఆయనకు తెలుసా?"

దస్తగిరి తల తిప్పి గురువు వైపు చూశాడు.

సాహెబు కర్ర అందుకుని, గోడ పట్టుకుని, మెల్లగా పైకి లేచాడు. లేచినా గూని వీపు నిటారు కాలేదు. ఆయన తల శిష్యుడి గుండెల దాకా కూడా రాలేదు.

"నేనూ దస్తగిరంత పొడుగుండేవాణ్ణి తల్లీ" అన్నాడు.