పాత జీపు స్టీరింగు పోయిన మూడు నిద్రలు

అనగనగా ఒక కొండ. ఆ కొండ మీద పొగమంచులో మునిగి తేలే ఊరు. ఆ ఊరికంతటికీ ఒక్కటే జీపు. కాళ్ళు ముడుచుకో బంగారం, దుప్పటంతా నువ్వే లాక్కోకు. నేను చెప్తూ ఉంటా, నువ్వు ఊ కొడుతూ ఉండు. ఊ ఆగితే జీపు ఆగిపోతుంది, తర్వాత నన్నంటే ఊరుకోను.

ఆ జీపు దాలినాయుడిది. ముప్ఫై ఏళ్ళు తనే నడిపాడు. పొద్దున్నే జనాన్ని ఎక్కించుకుని కొండ కింద సంతకి దింపేవాడు, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకొచ్చేవాడు. ఆ తర్వాత పాపం ఆయన చూపు పోయింది. ముందు ఒక కన్ను మసకబారింది, దాని వెనకే రెండోదీ మసకబారింది. అప్పుడు కూతురు పైడితల్లి స్టీరింగు పట్టుకుంది.

ఆ స్టీరింగుకి చుట్టూ గేదెతోలు తొడుగు ఉండేది. సంతలో చెప్పులు కుట్టే జోగులు తాత ఎప్పుడో కుట్టిచ్చాడు. పట్టుకునీ పట్టుకునీ దాలినాయుడి చేతులుండే చోట, ఇటొకటి అటొకటి, తోలు గుంటలు పడింది. నువ్వు లేచాక నీ దిండులో గుంట ఉంటుంది చూడు, అలాగన్నమాట.

చూపు పోయినా దాలినాయుడు రోజూ పొద్దున్నే వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చునేవాడు. చేతులు ఆ గుంటల్లో పెట్టి కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు ఆయనకి దారంతా కనిపించేది. మొదటి మలుపులో ఏనుగంత రాయి. రెండో మలుపులో వాగు. మూడో మలుపులో పనసచెట్టు. జీపు కదలకుండానే కొండ దిగి, సంతదాకా వెళ్ళి వచ్చేసేవాడు.

ఆ తర్వాత పక్క సీట్లోకి జరిగి కూతురికి చోటిచ్చేవాడు. కానీ నోరూరుకుంటుందా? "ఎడమకి తిప్పమ్మా... నెమ్మది... హారను కొట్టు..." అంటూనే ఉండేవాడు.

"ఓలమ్మో, నాకు తెలుసు నాన్నా!" అనేది పైడితల్లి.

తొమ్మిదేళ్ళు ఇదే తంతు. జీపులో జనం నిద్రపోయేవాళ్ళు, గంపలో కోళ్ళు నిద్రపోయేవి, దాలినాయుడు మాత్రం ఒక్క కునుకు తీసేవాడు కాదు.

అయితే ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. దసరాకి అందరూ బండి కడిగి బొట్టు పెడతారు కదా. వీళ్ళు స్టీరింగుకి తలంటు కూడా పోసేవాళ్ళు! స్టీరింగు అంటే బండికి తలకాయట, దానికి నూనె అంటకపోతే పండగేమిటని దాలినాయుడి వాదన. నువ్వులనూనె చేతినిండా తీసుకుని మర్దనా చేసి, పసుపు రాసేవాళ్ళు. రాసింది తుడిస్తే అరిష్టమని తుడిచేవాళ్ళు కాదు. ఏడాదికేడాది నూనె మీద పసుపు, పసుపు మీద దుమ్ము, దుమ్ము మీద చెమట. ప్రేమ ఉంటే ఉండనీ, ఒక్కసారి తుడవద్దూ? నాకిప్పుడు తలచుకున్నా ఒళ్ళు మండుతుంది.

ఒక రోజు పొద్దున సన్నగా జల్లు పడుతోంది. మొదటి మలుపు దాటారు, రెండో మలుపు దాటారు. మూడో మలుపులో పనసచెట్టు దగ్గర పైడితల్లి చెయ్యి ఆ జిడ్డు మీద సర్రున జారింది. జీపు కొండవైపు గుంటలో కూలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, భయపడకు. ఒక గంపెడు సీతాఫలాలు మాత్రం దొర్లుకుంటూ లోయలోకి వెళ్ళిపోయాయి.

అందరూ కలిసి జీపుని గుంటలోంచి లాగారు గానీ, మర్నాడు దాన్నెక్కడానికి ఒక్కరూ రాలేదు. ముసలాళ్ళు కర్రలు పట్టుకుని, తల్లులు పిల్లల్ని చంకనేసుకుని కొండ నడిచి దిగారు.

అప్పుడు దాలినాయుడు, "ఆ స్టీరింగు తీసెయ్యమ్మా. ఏదో ఒక ప్లాస్టిక్కుది కొత్తది వేయించు" అన్నాడు. అనడానికైతే అన్నాడు. ఆ తర్వాత వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని, దాన్ని పట్టుకుని మధ్యాహ్నం దాకా వదల్లేదు. పైడితల్లి గుమ్మంలోంచి చూసింది. స్టీరింగు పోతే నాన్నకి దారి కూడా పోతుంది. అది తెలిసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఏడవడం అయ్యాక ఒక నట్టు విప్పి స్టీరింగు ఊడదీసింది. దాన్ని దండలా మెడలో వేసుకుని, కొండ దిగి జోగులు తాత దగ్గరికి వెళ్ళింది.

జోగులు తాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని వాసన చూశాడు, గోటితో గీకి చూశాడు. "దీన్నెవరమ్మా గారెల మూకుట్లో ముంచి తీసింది?" అన్నాడు.

"దసరాకి తలంటాం తాతా."

"ఓసి పిచ్చితల్లీ! తోలుకి నూనె ఒక్క చుక్క చాలు. మీరు బిందెడు తాగించారు. ఇది బాగా అలిసిపోయింది. మూడు నిద్రలు పోవాల. ఎండలో కాదు, నీడలో. తొందరపెట్టావా, బిగుసుకుపోద్ది."

మొదటి రోజు జోగులు తాత కుంకుడుకాయ నురుగు తీశాడు. నీళ్ళు పొయ్యలేదు. మెత్తటి గుడ్డని నురుగులో ముంచి, గట్టిగా పిండి, మెల్లమెల్లగా తుడిచాడు. తొమ్మిది గుడ్డలు నల్లబడ్డాక జిడ్డు వదిలింది. అప్పుడు దాన్ని నీడలో పడుకోబెట్టి పైన పలచటి బట్ట కప్పాడు. స్టీరింగు నిద్రపోయింది. ఆ నిద్రలో దానికో కల వచ్చింది. కలలో అది మళ్ళీ గేదె అయ్యి, కొండవాలులో పచ్చగడ్డి మేస్తోంది. గడ్డితోపాటు కాస్త పొగమంచు కూడా నమిలింది.

ఇంటి దగ్గర దాలినాయుడికి చేతులూరుకోలేదు. స్టీరింగు లేని జీపులో కూర్చుని అన్నం కంచం పట్టుకుని తిప్పి చూశాడు. ఏనుగు రాయి దాకా వచ్చింది దారి. అక్కడ పొగమంచులో కలిసిపోయింది. ఆయన కంచం పక్కన పెట్టేశాడు.

రెండో రోజు జోగులు తాత సన్న ఉప్పుకాగితంతో గరుకులు పోయేలా రుద్దాడు. పగుళ్ళలో లప్పం నింపాడు. ఆ తర్వాత ఆ లప్పమే గుంటల దగ్గరికి తెచ్చాడు. ఆ రోజూ కొండ దిగొచ్చి పక్కన కూర్చున్న పైడితల్లి ఆయన చెయ్యి గబుక్కున పట్టుకుంది.

"అవి పూడ్చకు తాతా. అవి మా నాన్న చేతులు."

జోగులు తాత తన బొటనవేలు గుంటలో పెట్టి చూసుకున్నాడు. లప్పం డబ్బా మూత పెట్టేశాడు. కరక్కాయల కషాయంలో తుప్పు మేకులు నానబెట్టిన నల్లటి నీళ్ళు తెచ్చి రంగు పూశాడు. మళ్ళీ నీడలో పడుకోబెట్టాడు. స్టీరింగు రెండోసారి నిద్రపోయింది. ఈసారి కలలో నల్లమబ్బు వచ్చి దాని మీద వాలింది. చినుకులు పడ్డాయి గానీ ఒక్కటీ తడి చెయ్యలేదు.

మూడో రోజు తెగిన కుట్లు కుట్టాడు. ఒకే దారానికి రెండు సూదులు. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి, దారిలో ఎదురై పలకరించుకున్నట్టు వెళ్ళాయి. ఆ తర్వాత తేనెమైనంలో ఒక్కటంటే ఒక్క చుక్క నూనె వేసి పూశాడు. "ఇప్పుడు తుడువమ్మా. జారడం పోయేదాకా తుడువు" అన్నాడు. అరిష్టం గిరిష్టం అనకుండా పైడితల్లి చెమటలు పట్టేలా తుడిచింది. స్టీరింగు మూడోసారి నిద్రపోయింది. కలలో రెండు చేతులు దాన్ని పట్టుకున్నాయి. నాయుడి చేతులే అనుకుంది. కానీ అవి కాస్త చిన్నవి.

మర్నాడు పొద్దున పైడితల్లి దాన్ని జీపుకి బిగించింది. దాలినాయుడు వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఆయన వేళ్ళు తడుముకుంటూ తడుముకుంటూ వెళ్ళి, గుంటల్లో కూర్చున్నాయి. రాయి కనిపించింది. వాగు కనిపించింది. పనసచెట్టు కనిపించింది. ఆయన మొహం వెలిగిపోయింది.

అంతలో వేలు ఎక్కడో ఆగింది. "ఇదేటమ్మా? గుంటలో ఇంకో గుంట ఉంది!"

ఉంది మరి. ఇన్నాళ్ళూ జిడ్డు కింద కనపడలేదు. దాలినాయుడు దాన్ని వేలితో కొలిచాడు. తన చెయ్యి కంటే చిన్నది. "నీ చెయ్యి ఇలా తే" అని కూతురి చెయ్యి తీసుకుని అందులో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

దాలినాయుడు ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి నిమిరాడు. ఆ తర్వాత పక్క సీట్లోకి జరిగాడు. జిడ్డు పోయిన స్టీరింగు చూసి, బిక్కుబిక్కుమంటూనే జనం ఎక్కారు. జీపు కదిలింది.

మొదటి మలుపు వచ్చింది. 'ఎడమకి తిప్పమ్మా' అంటాడని పైడితల్లి ఎదురుచూసింది. అనలేదు. రెండో మలుపు వచ్చింది. అనలేదు. మూడో మలుపులో పనసచెట్టు దాటాక, నాన్నకి కోపమొచ్చిందేమోనని పక్కకి చూసింది.

దాలినాయుడు తల వాల్చేసి, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నాడు.

పైడితల్లికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. చేతులు మాత్రం స్టీరింగు మీంచి తియ్యలేదు. నాన్న లేస్తాడని హారను కూడా చిన్నగా కొట్టింది.

ఏమే, ఊ కొట్టడం మానేశావే? సరేలే, జీపు ఆగదులే, నువ్వు పడుకో.

కథేమో కంచి దారి పట్టింది,
జీపేమో సంత దారి పట్టింది,
పొగమంచు కొండ దారి పట్టింది,
నిదరేమో నీ కంటి దారి పట్టింది.