కోడి మాట, ఎద్దు పాట

కళ్ళంలో జొన్నకంకులు పరిచి ఉన్నాయి. నడుమ పాతిన కొయ్యకు కట్టిన మైల ఎద్దు వాటిమీద గుండ్రంగా తిరుగుతూ పాడుతోంది. చెదిరిన గింజల కోసం కోడిపెట్ట పిల్లలు తొమ్మిదీ చుట్టుపక్కలే తచ్చాడుతున్నాయి.

ఎద్దు పాటలో సొంత మాటలు తక్కువ. "గట్టెక్కితే గడ్డుంది" అన్నది గాడిద మూట మోస్తూ గొణుక్కునే మాట. "నీడ కదిలింది, రెక్క కిందికి రండి" అన్నది కోడి తన పిల్లల్ని పిలిచే మాట. ఈ రెండోదాన్ని ఎద్దు ఊరికే పాడదు. తిరిగేవాడికి నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. గద్దో నక్కో వస్తుంటేనే ఎత్తుకుంటుంది. పిల్లలు వెంటనే తల్లి దగ్గరికి పరుగెడతాయి.

ఈ పాటవల్ల నక్కకు నెల రోజులుగా పస్తు. ఒకనాడు కంచె అవతల కూర్చుని కోడిని పిలిచింది.

"వదినా, నీ మాట ఆ ఎద్దు నోట్లో ఏం చేస్తోంది?"

"పెద్దవాడు, ఏదో పాడుకుంటున్నాడు."

"ఊరంతా ఎద్దు పాట అంటోంది. కోడి పాట అన్నవాడు ఒక్కడున్నాడా?"

కోడికి జుట్టు ఎర్రబడింది. పక్కనే ఉన్న గాడిద చెవులు నిక్కించి, "గట్టూ నాదే, గడ్డీ నాదే" అంది.

ఇద్దరూ ఎద్దు దగ్గరికి వెళ్ళారు.

"మామా, మా మాటలు మాకిచ్చెయ్."

"నీకెవరిచ్చారు కోడమ్మా?"

"మా అమ్మ."

"ఆమెకు?"

"వాళ్ళమ్మ. ఆ లెక్కలన్నీ నాకెందుకు? నాది నాకు కావాలి."

"సరే, తీసుకోండి. మీరు మళ్ళీ ఇచ్చేదాకా నా నోట రావు."

మర్నాడు ఎద్దు "తిరుగు తిరుగు" అని మాత్రమే పాడుకుంది. మధ్యాహ్నం కంచె సందులోంచి నక్క దూరి, చొప్పకుప్ప చాటున నక్కింది. కోడి పెంట మీద గీరుకుంటూ అటు చూడటం లేదు. ఎద్దు చూసింది. నోరు తెరిచింది, ఇచ్చిన మాట గుర్తొచ్చి మూసింది.

"కోడమ్మా, నీ మాట ఒక్కసారి అరువిస్తావా?"

"ఎందుకూ?"

"చొప్పకుప్ప వైపు చూడు."

కుప్ప పక్కన తోక కనిపించింది. కోడి పిల్లల్ని పిలవబోతే భయానికి పిలుపు రాలేదు. "పాడు మామా, పాడు" అన్నది మాత్రం ఎలాగో వచ్చింది.

"నీడ కదిలింది, రెక్క కిందికి రండి" అని ఎద్దు కళ్ళం అదిరేలా ఎత్తుకుంది. తొమ్మిది పిల్లలూ పెంట వైపు పరుగెత్తాయి. వాటి వెనక నక్క దూకింది. దారిలో గాడిద నిలబడి ఉంది.

"నాది కూడా పాడు మామా" అంది గాడిద.

"గట్టెక్కితే గడ్డుంది."

ఆ వరసకే గాడిద వెనక కాళ్ళు రెండూ లేచాయి. నక్క కంచె దాటి తుమ్మముళ్ళలో పడి "కుయ్యో మొర్రో" అంది.

సాయంత్రానికి పాటలో ఒక చరణం పెరిగింది. ఎద్దు "కుయ్యో మొర్రో" అంటే తొమ్మిది పిల్లలూ అందుకున్నాయి. కోడి అందరికంటే పై గొంతుతో పాడింది.

"అది నా మాట" అని కంచె అవతలనుంచి నక్క అరిచింది.

"లోపలికొచ్చి తీసుకుపో అల్లుడూ. గాడిద ఇక్కడే ఉంది" అంది ఎద్దు.

నక్క రాలేదు. పాట ఆగలేదు.

నీతి: నలుగురి మాటలూ కలిస్తేనే పాట, ఎవరిది వాళ్ళు లాక్కుంటే మిగిలేది నక్కకు విందు.